ఎముకల గీత మీద నాలుగు గుడ్లు

రాళ్లపట్నంలో గాలి వీచిందంటే ఎముకలు ఈలవేసేవి. ఉత్తమాట కాదు, నిజంగానే! ఆ ఈల వింటే కుందేలు పిల్లలు పాలు తాగడం మానేసేవి.

ఎవరి ఎముకలంటారా? ఆ పట్నాన్ని ఒకప్పుడు కోరలరాజు అనే తోడేలు ఏలాడు. వాడు అడవినంతా పీక్కుతింటుంటే పడమటి ఏనుగు మదపయ్య, తూర్పు ఎలుగుబంటి నల్లగొంగళి చేతులు కలిపి, మూడేళ్లు పోరాడి వాణ్ని చంపారు. పట్నం నడిబొడ్డునే గొయ్యి తీసి పూడ్చారు. యుద్ధమైతే ముగిసింది, మరి పట్నం ఎవరిది? నిన్నటిదాకా "బావా" అంటే "బావా" అనుకున్న ఇద్దరూ దాన్ని నిలువునా చీల్చారు. యుద్ధంలో చచ్చినవాళ్ల ఎముకలు వరసగా పేర్చి, తోడేలు గోతి మీదుగానే గీత పెట్టారు. ఇటువాళ్లు అటు పోకూడదు, అటువాళ్లు ఇటు రాకూడదు. తల్లి ఒకవైపు, పిల్లలు ఒకవైపు. ఇదీ వాళ్లు తెచ్చిన శాంతి!

తీతువు పిట్ట చుక్కమ్మ ఆ గీత మీదే, సరిగ్గా తోడేలు గోతి ఉన్నచోట, ఎముకల సందులో నాలుగు గుడ్లు పెట్టింది. తీతువులు నేలమీదే కదా పెట్టేది. ఊరంతటిలో ఎవరి కాలూ పడని చోటు అదొక్కటే అనుకుంది పాపం.

గుడ్లు పగిలే రోజులు దగ్గరపడ్డాయనగా తూర్పువైపు ముసలి కుందేలొకటి, పిల్లల మీద బెంగతో ఒక్క గెంతులో గీత దాటేసింది.

"నా కుందేల్ని నాకిచ్చెయ్!" అంటూ ఎలుగు తన మందతో వచ్చాడు.

"ఇటు దూకింది నాదేనోయ్!" అంటూ ఏనుగు తన మందతో ఎదురొచ్చాడు.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు! ఇద్దరూ మొండికేసి గీతకి ఇటొకడు అటొకడు నిలబడ్డారు. అడుగు వెనక్కేస్తే ఓడినట్టు. ముందుకేస్తే మళ్లీ యుద్ధం. ఆ ముందుకేసే అడుగు సరిగ్గా చుక్కమ్మ గుడ్ల మీదే పడుతుంది. గులకరాళ్ల రంగు గుడ్లు, మట్టిరంగు పిట్ట. అయినా అంత పెద్దవాళ్లు కాళ్ల కిందికెందుకు చూస్తారు లెండి.

మూడో రోజు పొద్దున పొగమంచు కమ్మేసింది. ఏనుగుకి ఎలుగు కళ్లు తప్ప ఇంకేమీ కనిపించడంలేదు. గాలి కూడా ఆగిపోయింది.

"పోదాం పదవే. గుడ్లదేముంది, మళ్లీ పెట్టుకోవచ్చు," అన్నాడు చుక్కమ్మ మొగుడు.

"నువ్వు పెడతావా? నోర్ముయ్!" అంది చుక్కమ్మ. దానికి ఏడుపు ముంచుకొస్తోంది. పిల్లలు బయటికి రావడానికి లోపలినుంచి పెంకులు పొడుస్తున్నాయి.

టక్... టక్... టక్.

"ఏమిటా చప్పుడు?" అన్నాడు ఏనుగు.

"నీ దంతమే అయ్యుంటుంది," అన్నాడు ఎలుగు.

"నేను కదల్లేదు. నీ గోళ్లేమో చూసుకో."

"నేనూ కదల్లేదు."

టక్... టక్. చప్పుడు నేలలోంచి వస్తోంది.

తీతువు కూస్తే చావు కబురే అని ఆ అడవిలో అందరికీ నమ్మకం. చుక్కమ్మకి అది గుర్తొచ్చింది. మంచుచాటునుంచి మెల్లగా నోరు విప్పింది.

"దొరలూ, తీతువుని. తెల్లారినప్పటినుంచీ నేనూ వింటున్నాను. కిందున్నవాడు గోటితో పైకి పొడుస్తున్నాడు."

"ఎ... ఎవడే?" అన్నారు ఇద్దరూ.

"ఇంకెవడు? మీరిద్దరూ కలిసి పూడ్చినవాడే. తన నెత్తిన ఎవడి కాలు ముందు పడితే వాణ్ని ముందు లాక్కుంటానంటున్నాడు."

సరిగ్గా అప్పుడే ఒక పెంకు పగిలి, ఎముకల కిందనుంచి సన్నటి కీచుమనే గొంతు లేచింది.

"పరిగెత్తుకొచ్చి కుమ్మాలంటే కాస్త జాగా కావాలి," అంటూ ఏనుగు ఒకడుగు వెనక్కేశాడు.

"అవునవును, నాక్కూడా," అన్నాడు ఎలుగు. అలా జాగా చూసుకుంటూ ఇద్దరూ తలా పదడుగులు వెనక్కి పోయారు.

తీతువు పిల్లలు పుట్టిన పూటే నడుస్తాయి. తడి ఆరగానే చుక్కమ్మ నలుగుర్నీ తోలుకుని, తూర్పుకీ కాదు, పడమటికీ కాదు, ఆ గీత వెంటే మంచులో ఊరు దాటేసింది.

ఎండ పొడిచాక ఇద్దరు దొరలకీ నాలుగు ఖాళీ పెంకులు కనిపించాయి. మొహాలు మాడిపోయాయి. మోసపోయామని పైకి చెబితే, "మరి నువ్వెందుకు వెనక్కెళ్లావ్?" అంటాడు ఎదుటివాడు. తేలు కుట్టిన దొంగల్లా గమ్మునుండిపోయారు. పోనీ మళ్లీ ముందుకొద్దామా అంటే కాళ్లు రావు. గుడ్లున్న మాట నిజమే, కానీ కిందున్నవాడు లేడని ఎవరు చెప్పగలరు? ఆ ఇరవై అడుగుల నేల ఇద్దరికీ కాకుండా పోయింది. తల్లులూ పిల్లలూ ఇప్పుడు అక్కడే కలుసుకుంటున్నారు.

నీతి: బతికున్నవాడికి జంకనివాడు కూడా, తాను పూడ్చినవాడికి జంకుతాడు.