బుధవారం ఆజ్ఞ

పూర్వం ఒక కొలువులో తాటాకుల మీద ఆజ్ఞలు రాసే చెంగప్పకు ఒళ్లు మండిపోయింది. కాలువకు నీళ్లు వదిలే రోజును సోమవారం నుంచి బుధవారానికి మార్చమన్నారు ప్రధానిగారు. గంటంతో గీసింది చెరగదు కనుక చెంగప్ప కొత్త ఆకు రాసి దస్త్రాల గదిలో పెట్టాడు. అలా మూడుసార్లు. మూడుసార్లూ ఆయన సభలో "సోమవారం" అనే చదివి, "వీడి వేళ్లు తీయించండి ప్రభూ!" అంటూ చిందులు తొక్కారు.

నాలుగోసారీ అదే పాట.

"ప్రభూ, ఈసారి మొదటి వరుసలోనే 'మన ప్రధాని వట్టి మూర్ఖుడు' అని రాశాను. అయ్యగారు దాన్నెందుకు చదవలేదు?" అన్నాడు చెంగప్ప.

ప్రధాని ఆకును అటూ ఇటూ తిప్పారు. "ఇందులో అలాంటిదేమీ లేదు!"

"అయితే అది మీరు మొదట్లో ఇంటికి పట్టుకెళ్లిన పాత ఆకే. నేను రాసింది ఇంకా గదిలోనే ఉంది."

రాజుగారు కొత్త ఆకు తెప్పించి, మొదటి వరుస నుంచి చివరిదాకా చదివారు.

"ఇందులో ఒక్క తప్పూ లేదు," అన్నారు.