మడదీవి పొగ వాటా

సముద్రం ఒడ్డున మడ అడవుల మధ్య చిన్న దీవి. అక్కడి జంతువులన్నీ చేపల మీదే బతికేవి. వేసవిలో చేపల్ని ఎండబెట్టేవి, వానాకాలంలో పొయ్యి రాజేసి పొగబెట్టేవి. వానలున్నన్నాళ్లూ ఆ పొగచేపే తిండి.

ఏటికి అవతల పెద్దడవిలో సింహంగారి ఇటుక బట్టీలు. వాటి పొగకి ఆకాశం మసిబారి వానలు గతి తప్పాయి. అడవులన్నీ కూర్చుని కట్టుబాటు పెట్టుకున్నాయి. ఒక్కో అడవికీ, దీవికీ ఒక్కో కాలంలో ఇంత పొగ అని వాటా. దాటితే బట్టీ అయినా పొయ్యి అయినా ఆర్పెయ్యాలి. వాటా మిగిలినవాళ్లు ఇంకొకరికి అమ్ముకోవచ్చు.

ఒక నడివేసవిలో సింహంగారి తరఫున నక్క బంగారయ్య దీవిలో పడవ దిగాడు. పాపం, అప్పటికే పోటుకి గట్టు తెగి దీవి చేపల గుంటలు కొట్టుకుపోయాయి. నీటికుక్క పోలయ్య పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు.

నక్క చుట్టూ చూశాడు. ఒక్క పొయ్యీ వెలగడం లేదు. "మీరు వాడుకోని పొగ మీకెందుకు? శాశ్వతంగా మాకిచ్చెయ్యండి. పడవెడు ధాన్యం ఇవాళే దింపిస్తా" అన్నాడు. పోలయ్యకి ప్రాణం లేచొచ్చింది. ఒప్పేసుకుందామని అందరికంటే ముందు లేచింది అతనే.

దీవికి పెద్ద తాబేలు నూకమ్మ. ఎదుటివాడికి చెమటలు పడితే గాని నోరు విప్పదు, అదీ ఆవిడ తీరు. ఎండలో నక్కకి చెమటలు పట్టాక అప్పుడు అంది:

"అలాగే బాబూ, శాశ్వతంగానే ఇస్తాం. కాకపోతే మాకో ఆచారముంది. శాశ్వత బేరమంటే కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ ఒకే పొయ్యి మీద పొగబెట్టిన చేప కలిసి తినాలి. ఈ గాలిలో పొయ్యి రాజేస్తే దీవి అంటుకుంటుంది. వానలు పడ్డాక రా."

పోలయ్య నోరు తెరిచాడు. బుద్ధెరిగాక అలాంటి ఆచారం వినలేదు. నూకమ్మ ఒక్క చూపు చూసేసరికి నోరు మూసుకుని తలూపాడు. లోపల మాత్రం ఒకటే దిగులు, అప్పటిదాకా పిల్లలు ఏం తింటారు?

నక్క ముఖం మాడిపోయింది. ఇటుక కాల్చేది వేసవిలోనే. సింహంగారి వాటా అయిపోవచ్చింది, వానలు పడ్డాక బట్టీలకి పనేముంది? ఆచారం సంగతి తర్వాత చూద్దాం, ముందు ఈ వేసవి పొగ ఇప్పించమ్మా అని బతిమాలాడు.

ఒక్క వేసవికైతే ఆచారంతో పనిలేదంది నూకమ్మ. ధర మాత్రం ధాన్యం కాదంది. పెద్దడవి దున్నపోతులు వచ్చి గట్టు పూడ్చాలి. గుంటల్లో చేప దొరికేదాకా దీవికి తిండి పెట్టాలి. నక్క గింజుకున్నాడు, అలిగి పడవదాకా వెళ్లాడు, తిరిగొచ్చి ఒప్పుకున్నాడు.

వానలొచ్చాయి. కొత్త గట్టు చెక్కుచెదరలేదు. పొయ్యిలు వెలిగాయి. పక్క దీవి కొంగలు తడిసి ముద్దయి వచ్చి, ఒక్క పూట పొయ్యి వాడుకోనివ్వమన్నాయి. తమ పొగని ఎప్పుడో శాశ్వతంగా నక్కకి అమ్ముకున్నాయట. ఆ ధాన్యం తినేశాయి. ఇప్పుడు తమ చేపకి పొగ పెట్టాలంటే నక్క చెప్పిన ధరకి కొనుక్కోవాలి. ఆవేళ ఒప్పేసుకుందామని ముందు లేచింది తనేనని పోలయ్యకి గుర్తొచ్చింది.

వేడి పొగచేప తీసుకెళ్లి నూకమ్మ ముందు పెట్టాడు. "అత్తా, నీ బుర్రకి దండం పెట్టాలి. నిజంగా మనకా ఆచారముందా?"

"ఇప్పట్నుంచీ ఉంది. పిల్లలకి చెప్పు" అంది నూకమ్మ, చేపలో ముల్లు తీస్తూ.

బంగారయ్య మళ్లీ వేసవికే వచ్చాడు. ఒక్క వేసవి పొగే, ఇంకాస్త ఎక్కువ ధరకి కొనుక్కుని పోయాడు.

మిగిలిన పొగ అమ్ముకోవచ్చు గాని, రేపటి పొయ్యిని అమ్ముకోకూడదు.