బంక కలపని సున్నం

ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో నేను తారుమారు చేస్తానేమో. మా అత్తగారు చెప్పినప్పుడు వరుస సరిగ్గానే ఉండేది. గుర్తున్నంతవరకైనా రాసిపెడుతున్నాను.

ఏరు ఇప్పటికన్నా ఊరికి దూరంగా పారిన రోజుల్లో, చింతాడవలసలో నూకాలు అనే మనిషి ఉండేది. గుల్లలు కాల్చి సున్నం చేసేది. ఇళ్ళకు వెల్ల వేసేది. ఆమెకు ఉన్నదల్లా ఒక కుండ, ఒక ఈత కుంచె, ఒక నిచ్చెన.

ఆ ఊళ్ళో పెళ్ళి జరిగితే ఇంటి ఆడవాళ్ళు గోడ మీద ఎర్రమన్నుతో, మసితో బొమ్మలు వేసేవారు. అమ్మవారి పండగ వస్తే ఆ గోడకు వెల్ల వేయించేవారు. బొమ్మ పోయేది. మళ్ళీ పెళ్ళికి మళ్ళీ వేసేవారు. ఎవరూ బాధపడేవారు కాదు.

ఒక ఏడు గౌరమ్మ అనే ముసలామె పోయింది. ఆమె వేసిన పల్లకీ గోడ మీద ఉంది. పండగ దగ్గరకొచ్చింది. నూకాలు కుంచె ముంచింది. ఎత్తిన చెయ్యి దించేసింది.

"ఏటే నూకాలూ, రెక్క పట్టేసిందా?" అన్నది గౌరమ్మ కోడలు.

"ఇది ఏసిన చెయ్యి మళ్ళీ రాదు గదమ్మా. ముందు దీన్ని ఇంకో గోడ మీద దించు. తరవాత నాను సున్నమేత్తాను."

"ఇంకో గోడ ఎక్కడుందే?"

ఊరి చివర సింహాద్రినాయుడిది ఉప్పు కొట్టు ఒకటి ఖాళీగా పడి ఉంది. నూకాలు వెళ్ళి అడిగింది. "గబ్బిలాలు ఒప్పుకుంటే నాకేటి?" అన్నాడు ఆ పెద్దాయన.

వెల్ల వేయని ఇంట్లోకి అమ్మవారు రాదని ఆ ఊరి నమ్మకం. వెల్ల వేసేది నూకాలు ఒక్కతే. కోడలు తిట్టుకుంటూ వెళ్ళి, కొట్టు గోడ మీద అత్త పల్లకీని దించింది. దించుతూ దించుతూ తిట్టడం మరిచిపోయింది.

మరుసటి ఏడు ఇంకో ఇంటి నెమలి. ఆ పై ఏడు ఇంకో ఇంటి చేప. ముందు కొట్టు గోడ, తర్వాత ఇంటి గోడ. అదే నూకాలు మాట. గోడలు నిండాయి. కుమ్మరులు పాత మట్టి గుర్రాలు తెచ్చి పెట్టారు. ఎవరో చిరిగిన తోలుబొమ్మ తెచ్చారు. ఎవరో అమ్మమ్మ కుట్టిన బొంత తెచ్చారు. బొమ్మల కొట్టు అని పేరు పడింది. పక్క ఊళ్ళవాళ్ళు బండ్లు కట్టుకుని వచ్చి చూసేవారు. పెళ్ళికూతుళ్ళు అత్తారింటికి పోయేముందు తమ ఇంటి ముసలమ్మ బొమ్మ దగ్గర కాసేపు నిలబడేవారు.

సింహాద్రినాయుడు పోయాడు. కొడుకు జోగినాయుడు గోగునార వ్యాపారం పెట్టి, కొట్టు కావాలన్నాడు. ఎవరి సామాను వాళ్ళు ఇంటికి పట్టుకుపోయారు. గోడలు ఎవరు పట్టుకుపోతారు? జనం గోడల కోసం వస్తూనే ఉన్నారు, నార కట్టల మధ్య తిరుగుతూనే ఉన్నారు.

"సున్నం ఏసెయ్యి" అని జోగినాయుడు కబురు పెట్టాడు. నడుం నొప్పి అన్నది నూకాలు. మళ్ళీ కబురు పెట్టాడు. గుల్లలు లేవన్నది. మూడోసారి తనే వచ్చాడు.

"నువ్వెయ్యకపోతే గోడలు చెక్కించేత్తాను. తరవాత నన్నననొద్దు."

నూకాలు కుండ వంక చూస్తూ కూర్చుంది. "నానే ఏత్తాను బాబూ" అన్నది.

నాలుగు గోడలూ తెల్లబడ్డాయి. గౌరమ్మ కోడలు వీధిలో ఆమెను నిలబెట్టింది. "మా చేత దించించినావు. నీ చేత్తోనే తుడిపేసినావు. ఇంక నా గడప తొక్కకు."

నూకాలు ఇంటికి వెళ్ళింది. కుంచె కడుక్కుంది.

తుమ్మబంక కలిపితేనే సున్నం గోడను పట్టుకుంటుంది. కలపకపోతే తగిలినవాళ్ళకల్లా అంటుకుంటుంది. నూకాలు ఆ రోజు బంక కలపలేదు. ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడు వానాకాలంలోనే కన్నుమూసింది. గౌరమ్మ కోడలు చూడటానికి కూడా వెళ్ళలేదు.

నార మోసే కూలీలు గోడలకు రాసుకుంటూ తిరిగేవారు. వాళ్ళ వీపులు తెల్లబడ్డాయి, గోడలు ఎర్రబడ్డాయి. ముందు చేప తోక బయటపడింది. తర్వాత నెమలి మెడ. తర్వాత పల్లకీ బొంగు. ఆ మాట విని గౌరమ్మ కోడలు వచ్చింది. గోడకు భుజం ఆనించి అటూ ఇటూ కదిలింది. పల్లకీ అంతా వచ్చింది.

"నూకాలూ" అన్నది.

జోగినాయుడు పొరుగూళ్ళ నుంచి వెల్లవాళ్ళను పిలిపించాడు. "బంక దొరకలేదు బాబూ" అన్నాడు మొదటివాడు. రెండోవాడూ అదే అన్నాడు. మూడోవాడు అడక్కముందే అన్నాడు. చివరికి ఏరే దారి మార్చుకుని వచ్చి కొట్టునూ, నారనూ, గోడలనూ తీసుకుపోయింది.

ఇప్పటికీ ఆ వైపు ఊళ్ళలో భుజానికి సున్నం అంటితే వెంటనే దులుపుకోరు. "నూకాలు తట్టింది" అంటారు. తమ ఇంట పోయినవాళ్ళలో ఒకరి పేరు పైకి చెప్పి, అప్పుడు దులుపుకుంటారు.

సుభద్రా, ఇది మీ తాతయ్యకు చదివి వినిపించు, ఆయనా మా అత్తగారి నోట విన్న కథే. పేర్లు తప్పుంటే దిద్దు. నూకాలు పేరు అడగనక్కర్లేదు. మా అత్తగారు భుజం దులుపుకునే ముందు ఎప్పుడూ ఒకటే పేరు చెప్పేది. అది నాకు గుర్తు రావడం లేదు. అదొక్కటి తాతయ్యను అడిగి, ఇక్కడ కింద రాయి.