తొమ్మిదో మంచం

సాయంత్రం అయిదు లోపల డాక్టర్ కోదండపాణికి ఒక్క సంతకం కావాలి.

రెండేళ్ళుగా అతను పగలంతా రోగుల్ని చూస్తూ, తెల్లవారుజామున లేచి ఆసుపత్రి నిర్వహణలో పెద్ద డిగ్రీకి చదువుతున్నాడు. ఆదివారాలు విశాఖపట్నంలో క్లాసులు. నలభై నాలుగేళ్ళ వయసులో పరీక్ష హాల్లో కూర్చుంటే పక్క బెంచీ అమ్మాయి "అంకుల్, ఇంకో పెన్నుందా?" అని అడిగింది. అన్నీ ఓర్చుకున్నాడు. ఇక మిగిలింది తొంభై పేజీల ప్రాజెక్టు. దాని మొదటి పేజీ మీద మార్గదర్శి సంతకం పడితే అయిదింటి కొరియర్లో యూనివర్సిటీకి వెళ్ళిపోతుంది. ఆ వేళే ఆఖరి రోజు.

మార్గదర్శి డాక్టర్ తాయారమ్మ గారు. ఇరవై రెండేళ్ళ కిందట అతనికి నాడి పట్టుకోవడం నేర్పింది ఆవిడే. ఉద్యోగం అయిపోయి ఇరవై ఏళ్ళయినా ఆవిడ రోజూ మధ్యాహ్నం వార్డుకి వస్తూనే ఉన్నారు. వద్దనడానికి ఎవరికీ నోరు రాలేదు.

మార్గదర్శిగా ఉంటానని మాటిచ్చిన రోజుల్లో ఆవిడ జ్ఞాపకానికేం లోటు లేదు. ఆ తర్వాతే మరుపు మొదలైంది. ముందు పేర్లు పోయాయి. తర్వాత పొద్దున అన్నం తిన్నారో లేదో కూడా గుర్తుండడం మానేసింది. ఇప్పుడు తెల్లకోటు జేబు నిండా చిన్న చిన్న చీటీలు. ఏ మంచం మీద ఎవరున్నారో ఒక చీటీ. ఇంటికి ఏ సందులోకి తిరగాలో ఒక చీటీ. ఎడమ జేబులో మాత్రం ఒకే ఒక్క చీటీ ఉంది. దాని మీద 'చీటీలు కుడి జేబులో ఉన్నాయి' అని రాసుకున్నారు. అది చూసి నర్సులు నవ్వితే ఆవిడా నవ్వారు. నవ్వుతూనే కుడి జేబు మీద చెయ్యి వేసి అదుముకున్నారు.

మూడున్నరకి కోదండపాణి సంచీ భుజాన వేసుకుని మగవాళ్ళ వార్డులోకి వచ్చాడు. వాన వదలకుండా పడుతోంది. నేలంతా తడి చెప్పుల ముద్రలు. మంచాల మధ్య కాలు పెట్టే చోటు లేదు. ముప్పై మంచాలు, ఎనభై మంది మనుషులు. రోగుల పక్కన కూర్చున్నవాళ్ళే యాభై మంది. ఒకామె మంచం కింద కొంగు పరుచుకుని నిద్రపోతోంది. ఇంకొకామె గిన్నెలో గంజి కలుపుతోంది.

అతని ప్రాజెక్టు ఈ యాభై మంది గురించే.

తాయారమ్మ గారు మధ్య వరసలో, తొమ్మిదో మంచం దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నారు. ఎముకలు తేలిన ఒక ముసలాయన మణికట్టు ఆవిడ వేళ్ళ మధ్య ఉంది. మంచానికి అటుపక్క గవరమ్మ అనే ముసలావిడ సెలైన్ సీసాని తలకంటే ఎత్తున పట్టుకుని నిలబడి ఉంది. మోచెయ్యి వణుకుతోంది.

"మేడమ్, నేను పాణిని."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూశారు. "తెలుసు. కూర్చో. ఏదో చదువుతున్నానన్నావు కదూ. ఏం చదువుతున్నావన్నావు నాయనా?"

"మాస్టర్స్ ఇన్ హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ మేడమ్."

"అంటే?"

"ఆసుపత్రిని ఎలా నడపాలో నేర్పుతారు."

"ఇన్నాళ్ళూ నడవలేదూ?"

"నడిచింది మేడమ్, కుంటుతూ." ఆ మాట అంటున్నప్పుడు అతనికి కాస్త గర్వంగానే ఉంది. "ఒక్కొక్కరినీ చూసుకుంటూ పోతే నేను ఎంతమందిని చూడగలను? వార్డునే బాగు చేస్తే అందరూ బాగుపడతారు. పోయిన నెల పదిహేను రోజులు ఈ జనాన్ని గేటు బయట ఉంచి చూశాను. నేల ఆరింది. రౌండ్లు సగం టైములో అయిపోయాయి. సూపరింటెండెంట్ గారు మెచ్చుకుని, సోమవారం నుంచి అన్ని వార్డుల్లోనూ అదే పద్ధతి పెట్టమన్నారు. నోటీసులు కూడా అచ్చయ్యాయి, సంచీలోనే ఉన్నాయి."

"మంచిది."

"మీరు చదవక్కర్లేదు మేడమ్. సంతకం చాలు."

"చదవకుండా ఎప్పుడైనా సంతకం పెట్టానా నేను?"

"లేదు మేడమ్."

"నాకూ గుర్తు లేదు," అన్నారావిడ. నవ్వలేదు.

అతను మంచం అంచున కూర్చుని సంచీ జిప్పు తీస్తుండగా ఆవిడ గవరమ్మ వైపు చూశారు. "నువ్వు పొద్దున్నుంచీ నిలబడే ఉన్నావు. వెళ్ళి టీ తాగిరా. మా పాణి పట్టుకుంటాడు."

"డాక్టరు బాబు సీసా పట్టుకోడమేటమ్మా," అంది గవరమ్మ సిగ్గుపడుతూ.

"చెయ్యి ఉంది కదా. పట్టుకుంటాడు."

కోదండపాణి గోడ గడియారం చూశాడు. నాలుగు కావడానికి పది నిమిషాలుంది. టీ తాగడానికి ఎంతసేపు పడుతుంది? సంచీ ఒళ్ళోకి జరుపుకుని, సీసా అందుకుని పైకెత్తాడు. గవరమ్మ చేతి వేడి ఇంకా సీసా మీదే ఉంది.

తాయారమ్మ గారు మళ్ళీ నాడి మీద వేళ్ళు పెట్టి కళ్ళు మూసుకున్నారు.

అయిదు నిమిషాలకి భుజం లాగడం మొదలైంది. పది నిమిషాలకి చెయ్యి మొద్దుబారింది. రెండో చెయ్యి మార్చుకోబోతే సీసా కిందికి దిగి, సూది దగ్గర గొట్టంలోకి ఎర్రగా రక్తం ఎక్కింది. గబుక్కున పైకెత్తాడు. ఇలాంటి సీసాలు పెట్టమని ఈ ఇరవై ఏళ్ళలో ఎన్ని వేలసార్లు రాసి ఉంటాడో. ఒక్కటీ పట్టుకోలేదు.

వార్డులో సీసాలు తగిలించే స్టాండ్లు ఆరే ఉన్నాయి. గోడ పక్క మంచాలకి కిటికీ ఊచలున్నాయి, గాజుగుడ్డతో కట్టి సరిపెడతారు. మధ్య వరసకి ఊచల్లేవు, మనుషులే పట్టుకోవాలి. ఇంకో ఇరవై నాలుగు స్టాండ్లు కొనాలని అరవై రెండో పేజీలో తనే రాశాడు. అవి ఇంకా రాలేదు.

"ఏం చదువుతున్నావన్నావు నాయనా?" కళ్ళు తెరవకుండానే అడిగారావిడ.

"అదే మేడమ్," అన్నాడతను. "ఆసుపత్రి నడపడం."

నాలుగున్నర దాటాక గవరమ్మ మూతి తుడుచుకుంటూ వచ్చింది. "ఇటివ్వండి బాబూ."

అతను ఇవ్వబోయాడు. ఆవిడ కుడి చెయ్యి భుజం దాటి లేవలేదు. ఎడమ చేత్తో దాన్ని ఎత్తుకోబోయింది.

"ఉండనీ, ఇంకాసేపు నేను పట్టుకుంటాను," అన్నాడు. ఊరికే ఉండలేక అడిగాడు. "మీ ఆయనా?"

"కాదు బాబూ. ఈయనెవరో నాకు తెలీదు. ఎవరూ లేరంట."

"మరి మీరు?"

ఆవిడ మంచం కోడు మీద చెయ్యి ఆనించింది. "పోయిన నెల మా ఆయన ఈ మంచం మీదే ఉండేవాడు. అప్పుడేటో మమ్మల్నందర్నీ బయటికి పంపీసినారు. నర్సమ్మ మంచిదే. ఒక్కత్తి, ఎంతమందికని పట్టుకుంటాది? గేటు కాడ వానలో కూకున్నాను. మూడో రోజు పేరు పెట్టి పిలిచినారు. సీసా అయిపోయింది కాబోలు, ఇంటికి పంపిస్తారనుకుని లోపలికొచ్చినాను."

ముసలాయన దుప్పటి సర్దింది. ఏడవలేదు. ఎవర్నీ ఏమీ అనలేదు.

"సీసా ఎంతవరకూ ఎక్కిందో నాకు తెలీదు బాబూ," అంది మళ్ళీ. "అందుకే వస్తన్నాను."

వాన చప్పుడు పెద్దదైంది. కోదండపాణికి డెబ్బై ఒకటో పేజీ కళ్ళ ముందుకొచ్చింది. చక్కగా గీతలు గీసి వేసిన పట్టిక. చార్టుల్లో సెలైన్ ఎక్కించినట్టు అన్ని గళ్ళలోనూ టిక్కులు. దాని కింద మరణాలు. అంతకు ముందు పదిహేను రోజుల్లో నాలుగు, జనాన్ని బయట ఉంచిన పదిహేను రోజుల్లో నాలుగు. దాని పక్కన 'తేడా లేదు' అని తనే రాశాడు. ఆ మాట రాసిన తెల్లవారుజామున హాయిగా ఇంకో కప్పు కాఫీ కలుపుకున్నాడు కూడా.

ఆ రెండో నలుగురిలో గవరమ్మ భర్త ఒకడు. సీసా వల్ల పోయాడో, రోగం వల్ల పోయాడో ఇప్పుడు ఏ పేజీకీ తెలియదు.

గడియారం నాలుగూ నలభై అయిదు చూపిస్తోంది. కొరియర్ ఆఫీసు రెండు వీధుల అవతల.

తాయారమ్మ గారు ముసలాయన చెయ్యి నెమ్మదిగా దుప్పటి మీద పెట్టారు. కుడి జేబులోంచి చీటీలు తీసి ఒక్కొక్కటే చూసుకున్నారు. ఒకదాని మీద పేరు గొణుక్కుంటూ చదివి, ముసలాయన ముఖం చూసి, మళ్ళీ చీటీ చూసుకున్నారు. తర్వాత పై జేబులోంచి పెన్ను తీసి మూత విప్పారు.

"ఏం చదువుతున్నావన్నావు నాయనా?"

అతను తలెత్తి ఆవిడని చూశాడు. ఆవిడ మరిచిపోయి అడుగుతున్నారో, మరిచిపోకుండానే అడుగుతున్నారో ఆ ముఖంలో తెలియలేదు.

ఆవిడ పెన్ను సర్దుకున్నారు. "సరే. సంతకమన్నావు. ఎక్కడ పెట్టాలో చూపించు."

సంచీ అతని ఒళ్ళో ఉంది. జిప్పు సగం తెరిచే ఉంది. లోపల ప్రాజెక్టు అట్ట, దాని మీద నోటీసుల కట్ట కనిపిస్తున్నాయి. ఎడమ చెయ్యి ఖాళీగానే ఉంది.

కోదండపాణి ఆ చేత్తో సంచీని కిందికి దించి, మంచం కిందికి తోశాడు. రెండు చేతులతో సీసాని ఇంకాస్త ఎత్తాడు.

"ఇంకా సగం ఉంది మేడమ్," అన్నాడు.