శాస్త్రిగారి పన్నెండు అడుగులు

ఆ రాజుగారికి కొలువులో ఎవరూ వీపు చూపకూడదు. సెలవు తీసుకునేవాళ్ళు వెనక్కి నడుస్తూనే వెళ్ళాలి.

ఒకరోజు ఆస్థాన పండితుడు విరూపాక్షశాస్త్రి సింహాసనానికి పన్నెండడుగుల దూరంలో నిలబడి, "ఋణ పన్నెండుకు మూడూ నాలుగూ కారణాంకాలు. రెండింటికీ ఋణ గుర్తు ఉండాల్సిందే!" అన్నాడు.

వింజామర వీచే గంగులమ్మ కిసుక్కున నవ్వింది.

"తప్పని చూపించు, లేదంటే నీ కొలువు ఊడుతుంది!" అని ఉరిమాడు శాస్త్రి.

"చిత్తం. రాజుగారికి దూరంగా జరగడమే ఋణం అనుకోండి. మూడేసి అడుగులు నాలుగుసార్లు వెనక్కి నడిస్తే దూరమవుతాం. ఆ వెనక్కి నడకే ఒక్క గుర్తు. తమరు రెండోది కూడా పెట్టండి. రాజుగారికి వీపు పెట్టి అటు తిరిగి, వెనక్కి నడవండి."

రాజు సరేనన్నాడు. శాస్త్రి పంతంకొద్దీ నడిచి, పన్నెండో అడుగుకి రాజుగారి ఒళ్ళో కూలబడ్డాడు.

రాజు గంగులమ్మకేసి మెచ్చుకోలుగా చూసి, "లేవండి శాస్త్రిగారూ! వెళ్ళేటప్పుడు మాత్రం ఒక్క గుర్తే చాలు" అన్నాడు.