రెండో బంతిలో లెక్కల మాస్టారు

దగ్గరికి రండర్రా. ఆ చివర గోడకు ఆనుకున్నవాళ్లు కూడా ఇలా జరగండి, నా గొంతు అంత దూరం రాదు. కాళ్లు మడుచుకుని కూర్చోండి. ఇవాళ చెప్పేది రాజుల కథ కాదు, మాస్టార్ల కథ. మాస్టార్ల గుట్టు వినడమంటే మీకెంత ఇష్టమో నాకు తెలుసు. నిజానికిది ఆ అరుగు మీద కూర్చుని విననట్టు నటిస్తున్న పెద్దవాళ్ల కోసం. నవ్వొచ్చిన చోట మీరు నవ్వండి, మిగతాది వాళ్లు చూసుకుంటారు.

అప్పలస్వామి మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కారు. కండువా భుజాన వేసుకుని, చెప్పుల్లో కాళ్లు పెట్టి, "పద" అనేవారు. ఎక్కడికని అడగకూడదు. ఒకసారి ఎవరో వెళ్లి దేవుడున్నాడా అని అడిగితే, తిన్నగా సంతకు తీసుకెళ్లి ఉల్లిపాయల బస్తా మోయించారట. ఆ మనిషి మళ్లీ ఆ ఊసెత్తలేదు. మాస్టారు రిటైరై చాలా కాలమైనా, ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఏ చిక్కొచ్చినా ఆ గుమ్మమే ఎక్కేవారు. బస్తాలకు సిద్ధపడే ఎక్కేవారు.

అలా ఒక వేసవిలో తవిటినాయుడు వచ్చాడు.

తవిటినాయుడు టౌనులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేవాడు. అలాంటి స్కూళ్ల ధర్మం పెద్దవాళ్లకు తెలిసిందే. బడి నడిచినన్నాళ్లే జీతం. పరీక్షలు కాగానే పిల్లలకు సెలవులు, మాస్టార్లకు పస్తులు. అందుకని ఎండలు ముదిరేసరికి ఎవరి దారి వాళ్లు చూసుకుంటారు. ఆ ఏడు హిందీ మాస్టారు బీమా పాలసీలు చంకన పెట్టుకుని తిరిగాడు. ఆయన వీధి మొదట్లో కనిపిస్తే చాలు, చుట్టాలు తలుపులు వేసుకుని లోపలినుంచి దగ్గు కూడా ఆపుకునేవారు. డ్రాయింగు మాస్టారు ఆటోల వెనక పేర్లు రాసుకున్నాడు, ఆయనకు బాగానే గిట్టింది. తవిటినాయుడు ఇంటి ముందు ట్యూషన్ బోర్డు కట్టాడు గాని, పిల్లలంతా అమ్మమ్మల ఊళ్లకు చెక్కేశారు. మిగిలిన ఒకే ఒక్కడు రోజూ వేళ తప్పకుండా వచ్చి, మాస్టారి ఫ్యాను కింద హాయిగా ఒక నిద్ర తీసి వెళ్లేవాడు.

సరిగ్గా అప్పుడే చిన్నమ్ములు కబురు పెట్టింది. పెళ్లిళ్లకు వంటలు ఒప్పుకునే మనిషి. ఆమె గొంతు విప్పితే పొయ్యి దానంతటదే రాజుకుంటుందని వాడుక.

"ఒడ్డించడానికి మనుసుల్లేరు బాబూ. నువ్వొస్తే కూలి ఇస్తాను, రెండు పూటలా తిండెడతాను, ఇంటికి కేరేజీ కడతాను. సదువుకున్నోడివి, సాంబారు మీద ఒలకబొయ్యవు" అంది.

ఆ మాట చెవిన పడగానే తవిటినాయుడి భార్య గౌరీశ్వరి కేరేజీ తోమి ఎండలో బోర్లించింది. ఇక ఆ ఇంట్లో చర్చ లేదన్నమాట.

కాని తవిటినాయుడికి మనసు ఒప్పలేదు. పని చేయడానికి అతను వెనకాడే మనిషి కాడు. అతని భయమల్లా పేరు గురించి. పిల్లలు మాస్టారికి ఒకసారి పేరు పెట్టారంటే అది చచ్చేదాకా చెరగదు. సైన్సు మాస్టారు ఎప్పుడో జలుబు చేసి క్లాసులో గట్టిగా తుమ్మాడు. ఆ జలుబు తగ్గింది గాని, ఆయన మాత్రం ఇప్పటికీ తుమ్ముల సారే. రేపు తను గరిటె పట్టుకుని ఏ పిల్లవాడి తండ్రి కంటనో పడితే? జూన్లో బడి తెరిచేసరికి 'సాంబారు సారు' అన్న పేరు గేటు దగ్గరే ఎదురొస్తుంది. ఇక బోర్డు మీద ఎంత గొప్ప లెక్క వేసినా, వాళ్లకు అందులో మునక్కాయలే కనిపిస్తాయి.

అందుకని అప్పలస్వామి మాస్టారి ముందు నిలబడి, గడపకేసి చూస్తూ అడిగాడు. "మాస్టారూ, సెలవుల్లో గరిటె పట్టుకున్నవాడు బడి తెరిచాక ఏ మొహంతో సుద్దముక్క పట్టుకుంటాడు? ఉన్న కాస్త గౌరవమూ పోదా?"

మాస్టారు ఆలోచించలేదు. "పెళ్లెక్కడరా?" అన్నారు.

"గంగన్నపేటలో. దూరం లెండి. అక్కడ నన్నెరిగినవాళ్లు ఇంకా పుట్టలేదు."

"ఎప్పుడు?"

"రేపు పొద్దుటే ముహూర్తం."

మాస్టారు కండువా అందుకున్నారు. "పద."

"ఇప్పుడేనా? పెళ్లి రేపండీ!"

"పెళ్లికి రేపు పోదాం. నాకూ అక్కడ పిలుపుంది. ఇప్పుడు పోయేది మంగలి దగ్గరికి. మీసం తీయించుకుంటే ఎవరూ పోల్చరనే కదా నీ ఆలోచన? వచ్చిన దగ్గర్నుంచీ నీ చెయ్యి దాని మీదే ఉంది."

మీసం పోయింది. ఇంటికి వెళ్తే గౌరీశ్వరి చేటలో బియ్యం ఏరుతూ తలెత్తి చూసింది. "పెళ్లిచూపులకు ఈ మొహంతో వచ్చుంటే మా నాన్న కాఫీ కూడా ఇచ్చేవాడు కాదు" అని మళ్లీ బియ్యంలోకి తల దించుకుంది.

మర్నాడు గంగన్నపేటలో షామియానా కింద అడుగు పెట్టగానే తవిటినాయుడికి తన లెక్క ఎక్కడ తప్పిందో తెలిసింది. ఆ నెలలో మంచి ముహూర్తం అదొక్కటే. ఆడపెళ్లివారికి బంధుబలగం ఎక్కువ, మగపెళ్లివారికి అంతకంటే ఎక్కువ. టౌను సగం అక్కడే ఉంది. అతను తువ్వాలు తీసి కనుబొమలదాకా తలపాగా చుట్టుకున్నాడు. చిన్నమ్ములును పక్కకు పిలిచి, "పదిమందిలో నన్ను మాస్టారూ అని పిలవకమ్మా, నీకు పుణ్యం ఉంటుంది" అని బతిమాలాడు. ఆమె సరేనంది. అప్పలస్వామి మాస్టారు మాత్రం షామియానా గుంజకు ఆనుకుని, తనకేమీ పట్టనట్టు విసనకర్రతో విసురుకుంటూ నిలబడ్డారు.

మొదటి బంతి కూర్చుంది. తవిటినాయుడు తల దాచుకున్నాడు, మీసం దాచుకున్నాడు. నోటిని దాచుకోవడం మరిచిపోయాడు.

సాంబారు వెయ్యమన్న ఒకాయనతో, "ముందు పప్పు పూర్తి చెయ్యండి" అన్నాడు. ఆయన బిత్తరపోయి పూర్తి చేశాడు. పక్క ఆకులోకి తొంగిచూసి తనకు బూరె చిన్నదొచ్చిందేమో కొలుచుకుంటున్న మరొకాయన ముందు ఆగి, "పక్కవాళ్లది చూడకండి. మీది మీరు చూసుకోండి" అన్నాడు. ఆయన గబుక్కున తల దించుకున్నాడు. ఒకావిడ వంకాయ ముక్కలన్నీ ఆకు అంచుకు నెట్టేస్తే, "ఇవి ఎందుకు వదిలేశారు? రావా, ఇష్టం లేదా?" అని నిలదీశాడు.

"ఏటి బాబూ" అని పొయ్యిల దగ్గర్నుంచి చిన్నమ్ములు కేకేసింది, "ఒడ్డిస్తన్నావా, పరీచ్చలెడతన్నావా? బేగి కానీ!"

ఇక మన పెళ్లిళ్ల సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. మొదటి బంతి పాయసంలో ఉండగానే రెండో బంతివాళ్లు వచ్చి వాళ్ల వీపుల వెనక నిలబడతారు. కుర్చీ వీపు పట్టుకుని, కూర్చున్నవాడు మింగే ప్రతి ముద్దనూ వాడికంటే ముందు తాము మింగుతూ, ఎప్పుడు లేస్తాడా అని కాచుకుంటారు. అక్కడా అదే జరిగింది. పెళ్లికొడుకు మేనమామ ఒక కుర్చీని కుడివైపు నుంచి పట్టుకున్నాడు. తెల్ల చొక్కా లావుపాటి మనిషి ఒకాయన అదే కుర్చీని ఎడమవైపు నుంచి పట్టుకున్నాడు. ఇద్దరూ లాగారు. పాపం, కుర్చీలో మనిషి ఇంకా ఉన్నాడు. చేతిలో పాయసం గ్లాసుతో అటూ ఇటూ ఊగుతున్నాడు.

"మగపెళ్లివాళ్లమయ్యా! మాకు కుర్చీ లేదా?" అన్నాడు మేనమామ.

"మగపెళ్లివాళ్లయితే నెత్తిన పెట్టుకోవాలా? నేనిందాకట్నుంచీ ఈ కుర్చీకి కాపలా ఉన్నాను!"

"ఓహో, అదా మర్యాద! లెగండర్రా మనోళ్లంతా! ఈళ్ల మెతుకు ముట్టొద్దు. బస్సెక్కండి!"

అంతే, తేనెతుట్టె కదిలింది. మగపెళ్లివారు లేచారు. వాళ్లు లేచిన కుర్చీల కోసం వెనకవాళ్లు తోసుకున్నారు. ఒక ఆకు చిరిగింది, ఒక పసివాడు ఏడుపందుకున్నాడు. పెళ్లికూతురి తండ్రి పరిగెత్తుకొచ్చి ఒక్కొక్కరికీ దణ్ణం పెట్టాడు, గోలలో ఆయన మాట ఎవరికీ వినపడలేదు. మగపెళ్లివారు తినకుండా బస్సెక్కితే ఆ పిల్ల అత్తవారింట ఎన్నాళ్లు ఆ దెప్పిపొడుపులు పడాలో అక్కడున్న ఆడవాళ్లందరికీ తెలుసు.

తవిటినాయుడు సాంబారు బకెట్టుతో మధ్యలో ఇరుక్కుపోయాడు. అప్పుడే తెల్ల చొక్కా మనిషి ఇటు తిరిగాడు. ఆయన తవిటినాయుడి స్కూలు కరస్పాండెంటు! బడికి యజమాని, జూన్లో ఉద్యోగం ఉంచేదీ ఊడబెరికేదీ ఆయనే. తవిటినాయుడు తలపాగా ఇంకా కిందికి లాక్కుని, మెల్లగా పొయ్యిల వైపు జారుకోబోయాడు. రెండడుగులు వేశాడు కూడా. ఇంతలో పెళ్లికూతురి తండ్రి, తెల్లజుట్టు మనిషి, మేనమామ కాళ్లు పట్టుకోవడానికి వంగాడు.

అది చూశాక తవిటినాయుడికి ఏమైందో అతనే తర్వాత సరిగా చెప్పలేకపోయాడు. తన ముందున్నది పెళ్లిపందిరిలా కనిపించలేదట. మాస్టారు రాని పీరియడులో ఎనిమిదో తరగతి బీ సెక్షనులా కనిపించిందట. గరిటె తిప్పి బకెట్టు మీద ఖంగుమని కొట్టాడు.

"ఏమిటా గోల! ఎక్కడివాళ్లక్కడ నిలబడండి!"

పందిరి నిశ్శబ్దమైపోయింది. సన్నాయి కూడా సగంలో ఆగింది.

"కుర్చీ వదలండి. తినేవాణ్ని తిననివ్వండి. ఒక్కటే వరుస. చంటిపిల్లల తల్లులు ముందు, తర్వాత పెద్దవాళ్లు, మిగిలినవాళ్లు వెనక. మాటలొద్దు. వెనక ఎవరది నవ్వుతున్నది?"

నవ్వుతున్నవాడు నవ్వు మింగేశాడు. జనం వరుస కట్టారు. మేనమామ చేతులు కట్టుకున్నాడు. ఎందుకు కట్టుకున్నాడో ఆయనకే తెలియదు, అవే వెళ్లి కట్టుకున్నాయి. వరుస మధ్యలోంచి ఒక ముసలాయన చిటికెన వేలెత్తి, "ఒక్కసారి వెళ్లొచ్చాండీ?" అని అడిగాడు. "వెళ్లి తొందరగా రండి" అన్నాడు తవిటినాయుడు. కుర్చీ కోసం తగువాడిన ఇద్దర్నీ చూపించి, "మీరిద్దరూ పక్కపక్కనే కూర్చోండి. మళ్లీ మీ గొంతు వినిపించిందో, ఆకు పట్టుకుని బయట నిలబడాలి" అన్నాడు.

వాళ్లు కూర్చున్నారు. మగపెళ్లివారంతా కూర్చున్నారు. పెళ్లికూతురి తండ్రి పైకండువాతో మొహం తుడుచుకున్నాడు. అప్పుడు గాని తవిటినాయుడికి తలపాగా ఎప్పుడో మెడలోకి జారిపోయిందని తెలియలేదు. తను శిక్ష వేసింది ఎవరికో కూడా అప్పుడే గుర్తొచ్చింది.

వడ్డన సాంబారుదాకా వచ్చి తన ఆకు ముందు ఆగగానే కరస్పాండెంటు అతని బోడి పైపెదవికేసి చూశాడు. ఆయన బడిలో ఎవర్నీ పేరుపెట్టి పిలిచే మనిషి కాడు. 'ఇదిగో లెక్కలూ', 'ఏయ్ హిందీ' అనడం ఆయన రివాజు. అలాంటివాడు ముందుకు వంగి, గొంతు తగ్గించి, "మీరెవరో నాకు తెలియదు. నేనసలు ఈ పెళ్లికి రాలేదు. కుర్చీ కోసం ఎవరితోనూ పోట్లాడలేదు" అన్నాడు. ఆకు ముందుకు జరిపి, "అప్పడం ఇంకొకటి వెయ్యండి సార్" అన్నాడు.

అది అక్కడితో ఆగేదే. కాని మేనమామకు ఉండబట్టలేదు. "ఎవరమ్మా ఈ కుర్రాడు? మా తాసిల్దారుకి కూడా లేదు ఇంత గొంతు!" అన్నాడు.

చిన్నమ్ములు సంబరం పట్టలేకపోయింది. ఇచ్చిన మాట గాలికి పోయింది. "కుర్రోడేటి బాబూ! టౌన్లో లెక్కల మేస్టారు! సెలవులని నా దగ్గర ఒడ్డనకొచ్చారు!" అని పందిరి ఆ చివరికి వినిపించేలా చెప్పింది. ఆ చివరినుంచి ఒకావిడ గొంతు వెంటనే అందుకుంది. "అదే అనుకుంటన్నాను! మా పెద్దోడికి సెప్పేది ఈ సారే!"

ఇంకేముంది! తవిటినాయుడు సాంబారు బకెట్టు దించి, చేతికందిన మరో బకెట్టు పట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా ఆ వరుస చివరిదాకా నడిచాడు. అక్కడ అప్పలస్వామి మాస్టారు తీరిగ్గా మాగాయ టెంక చీకుతున్నారు. తవిటినాయుడు ఆయన ఆకు ముందు కూలబడిపోయాడు.

"అయిపోయింది మాస్టారూ. యజమాని చూశాడు, పిల్లల తల్లులు చూశారు, ఊరంతా చూసింది. జూన్లో నేనెలా క్లాసుకి వెళ్లను? మీరేమీ చెప్పకుండా ఇంత దూరం తీసుకొచ్చారు. ఇప్పుడైనా చెప్పండి, నా గౌరవం ఉన్నట్టా, పోయినట్టా?"

మాస్టారు టెంకను ఆకు పక్కన పెట్టారు. గడ్డంతో అతని వెనక్కి చూపించారు. తవిటినాయుడు తిరిగి చూశాడు. బంతి బంతంతా, మేనమామతో సహా, కరస్పాండెంటుతో సహా, కుడిచేతులు ఎంగిలి కాబట్టి ఎడమచేతులు పైకెత్తి, కిక్కురుమనకుండా కూర్చుని ఉన్నారు.

"నీ సంగతి తర్వాత చూద్దాం లేరా తవుడూ" అన్నారు మాస్టారు. "ముందు వాళ్లనడుగు. పెరుగు బకెట్టు నీ దగ్గరుంది, ఈ ఎండకి పులిసిపోతుంది."

అంతే కథ. లేవండర్రా, పొద్దుపోతోంది. ఇళ్లలో అన్నాలు చల్లారిపోతాయి, వెళ్లి తినండి. అరుగు మీది పెద్దమనుషులూ, అంటున్నది మిమ్మల్ని కూడాను.