డాలు లేని ఆదివారం

రెండువేల పదిహేడు, రోహిణి కార్తె. గుంతకల్లులో మధ్యాహ్నం రెండు గంటలు. రోడ్డు మీద కుక్క కూడా లేదు. ఓబులేసు బండి దిగి హుస్సేనప్ప పరుపుల అంగట్లోకి వచ్చి, దూది కుప్ప పక్కన కూలబడ్డాడు.

"ఉస్తాద్, నా తల పనిచేయకుండా పోయింది."

హుస్సేనప్ప దూది ఏకుతున్నాడు. ఏకే మిషను నడిచేటప్పుడు ఫ్యాను వేయకూడదు, దూదంతా లేస్తుంది. చెమట కారుతూనే మిషను ఆపి అడిగాడు.

"ఏమైందప్పా?"

"ఏ బిల్డ్ మేలో తెలీకుండా ఉండాది. ఒక పూట ఇది మేలంటాది మనసు. మాపటికి అది మేలంటాది. అన్నం తినబుద్ధి కాలేదు."

ఆ అంగడి సంగతి కొంత చెప్పాలి. లోపల పరదా వెనక ఒక చిన్న గది. అందులో మూడు కంప్యూటర్లు. బజార్లో ఒక ఇంటర్నెట్ సెంటరు మూసేస్తుంటే తొమ్మిదేళ్ళ కిందట హుస్సేనప్ప తెచ్చుకున్నాడు. వాటిలో నల్లకోట అనే ఆట ఉంది. ఎక్కడెక్కడి జనమో ఒకేసారి ఆడతారు. ఒక్కొక్కరు ఒక బొమ్మను చేసుకుంటారు. బొమ్మ ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా ఐదు పాయింట్లు వస్తాయి. వాటిని బలంలో పెట్టుకోవచ్చు, డాలులో పెట్టుకోవచ్చు, విల్లులో, మంత్రంలో, వైద్యంలో, వేగంలో పెట్టుకోవచ్చు. ఎవరు ఎక్కడెంత పెట్టుకున్నారో దాన్నే బిల్డ్ అంటారు.

ఆ ఆటకు రెండు కట్టుబాట్లు ఉన్నాయి. చచ్చిన బొమ్మ తిరిగి రాదు. పెట్టిన పాయింట్లు వెనక్కి తీసుకుని వేరే చోట పెట్టాలంటే ఒక తాయెత్తు కావాలి. ఆ తాయెత్తు ఏడాదికి ఒక్కటే ఇస్తారు.

హుస్సేనప్ప బొమ్మ పేరు దూది. తెల్ల శాలువా కప్పుకుని ఉంటుంది. తొమ్మిదేళ్ళ పాయింట్లూ డాలు మీదే పెట్టాడు. దూది ఒక ఎలుకను చంపాలంటే పది దెబ్బలు కొట్టాలి. కానీ దాని వెనక నిలబడిన వాళ్ళకు దెబ్బ తగిలేది కాదు. గుంతకల్లు పిల్లలు చాలామంది దాని వెనక నిలబడే ఆట నేర్చుకున్నారు. అందుకే ఆయన్ని ఉస్తాద్ అంటారు.

వాళ్ళలో మొదటివాడు ఓబులేసు. బ్యాటరీల షాపులో పని. రెండేళ్ళు డాలు పట్టడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత ఫోనులో వీడియోలు చూడడం మొదలుపెట్టాడు. ఒక వీడియో చూసి ఈటె పట్టాడు. ఇంకొకటి చూసి విషం బాణాలకు మారాడు. ఏడాదిలో ఆరుసార్లు మారాడు. తన తాయెత్తులు అయిపోతే హుస్సేనప్పను అడిగేవాడు. తొమ్మిదేళ్ళుగా వాడకుండా దాచుకున్న వాటిలోంచి ఆయన ఎందుకని అడగకుండా ఇచ్చేవాడు.

పక్క అంగడి టైలరు నాగరత్నది కూడా అదే ముఠా. ఆమె బొమ్మ వైద్యం చేస్తుంది.

"ఏందన్నా, అడిగినప్పుడల్లా ఇస్తావు? అవేమన్నా చాక్లెట్లా?" అంది ఒకసారి.

"అడిగినాడు గదమ్మా," అన్నాడు హుస్సేనప్ప.

నాలుగోవాడు తిరుపాలు, బేల్దారి మేస్త్రి. అతని బొమ్మ విలుకాడు. అన్ని పాయింట్లూ విల్లులోనే పెట్టాడు. ఒంటి మీద కవచం లేదు. ముందర ఓబులేసు డాలు పట్టుకుని ఉంటాడు గదా అని పెట్టుకోలేదు. ఓబులేసు ఈటెకు మారినా, విషానికి మారినా చేతిలో చిన్న డాలయినా ఉండేది కాబట్టి ఎట్లాగో నెట్టుకొచ్చాడు.

మార్చి నెలలో ఒక ఆదివారం పాముల కనుమ అనే చోటికి వెళ్ళారు. దూది నాగరత్న బొమ్మకు అడ్డంగా నిలబడింది. తిరుపాలు ఎప్పటిలాగే ఓబులేసు వెనక పరిగెత్తాడు. ఓబులేసు ఆ రోజు పొద్దున్నే నిప్పు మంత్రగాడిగా మారి ఉన్నాడు. చేతిలో డాలు లేదు. అది ఎక్కడుందో అని తిరుపాలు ఒక్క క్షణం నిలబడి చూశాడు. ఆ క్షణంలోనే విలుకాడు చచ్చిపోయాడు. మూడేళ్ళ బొమ్మ.

"చెప్పినా గదరా. పొద్దున్నే వాట్సప్‌లో పెట్టినా," అన్నాడు ఓబులేసు.

ఆ పొద్దున తిరుపాలు మూడో అంతస్తు దగ్గర సారవ కట్టెల మీద గోడ కడుతూ ఉన్నాడు. ఫోను కింద, చొక్కా జేబులో ఉంది. తిరుపాలు చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఇదీ సంగతి. ఇప్పుడు ఓబులేసు దూది కుప్ప పక్కన కూర్చుని ఉన్నాడు. వచ్చే ఆదివారం ఆటలో నల్లకోట తలుపులు తెరుస్తారు. ఏడాదికి ఒక్కసారే తెరుస్తారు.

"తిరుపాలు కనపడినాడా?" అని అడిగాడు హుస్సేనప్ప.

"వాడు అలిగినాడు. తప్పు వాందే ఉస్తాద్. ఒంటిమీద ఒక్క పాయింటన్నా పెట్టుకోకుండా ఎవురన్నా ఆడతారా?"

హుస్సేనప్ప దూదిలో చిక్కుకున్న గింజ ఒకటి తీసి పక్కన వేశాడు.

"సరే గానీ, నీకేది మేలనిపిస్తాది?"

ఆ మాట కోసమే కాచుకున్నట్టు ఓబులేసు మొదలుపెట్టాడు. నిప్పు మంత్రం ఒక్క దెబ్బకు ఎంత, ఈటె ఎంత, విల్లు ఎంత అని వేళ్ళు మడిచి చెప్పాడు. చెప్పేకొద్దీ గొంతు పెరిగింది. వచ్చినప్పటి నీరసం పోయింది.

"ఒక మాట చెప్తే కోపం రాకూడదు ఉస్తాద్."

"చెప్పు."

"డాలు పట్టేది పాతకాలం ఆట. నువ్వు తొమ్మిదేండ్లుగా నిలబడి దెబ్బలు తింటాండావు, అంతే. మనం ఇద్దరమూ నిప్పు పట్టినామనుకో, కోటగోడ అర్ధగంట నిలబడదు. నన్నడిగితే నువ్వు గూడా మారేది మేలు."

"అట్లనా?"

"అట్లనే."

"అయితే యాడెంత పెట్టాల్నో రాసియ్యి."

ఓబులేసు ఆయన మొహంలోకి చూశాడు. నవ్వడం లేదు. ఒక అట్టముక్క తీసుకుని రాసిచ్చాడు. మంత్రంలో ఇంత, వేగంలో ఇంత, డాలులో సున్న. హుస్సేనప్ప దాన్ని మడిచి జేబులో పెట్టుకుని మిషను వేశాడు.

ఓబులేసు సంతోషంగా బండెక్కాడు. ఉస్తాదే ఒప్పుకున్నాడంటే నిప్పే మేలన్నమాట. రైలు గేటు దాకా అట్లాగే అనుకున్నాడు. గేటు పడింది. గూడ్సు బండి పోయేదాకా నిలబడ్డాడు. పెట్టెలు లెక్కపెడుతూ ఉంటే మళ్ళీ అనుమానం పుట్టింది. ఆయన ఒప్పుకున్నాడా, ఎకసెక్కం చేశాడా? గేటు లేచినా అతనికి తేలలేదు.

బేస్తవారం పొద్దున ముఠా వాట్సప్‌లో హుస్సేనప్ప ఒక ముక్క పెట్టాడు. 'దూది బిల్డ్ మార్చినాను.' కింద అట్టముక్క మీది అంకెలే.

నాగరత్న అది చూసి మెడలో టేపుతోనే పరదా తొలగించుకుని లోపలికి వచ్చింది.

"అన్నా, ఇది నిజమేనా? తెలివుండే చేసినావా?"

"తెలివుండే చేసినానమ్మా."

"నీ ఎనక నిలబడితేనే నా బొమ్మ బతికేది. ఇప్పుడు నేను ఎవురెనక నిలబడాల?"

"ఈ వారం నువ్వు రావద్దు."

"వాని కోసమా ఇదంతా?"

హుస్సేనప్ప కంప్యూటరు ఆపి లేచాడు.

"నీకూ వానికీ ఎవరికి ఎక్కువ పిచ్చో నాకు అర్థం గాలేదు," అని వెళ్ళిపోయింది.

ఓబులేసు ఫోనులో ఆ వారం చూడని వాట్సప్ కబుర్లు నూటికి పైనే ఉన్నాయి. అతను వీడియోలు చూస్తున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు.

"రత్నక్క రాలేదా?"

"పెండ్లి జాకెట్లు కుట్టుకుంటాంది."

"మనిద్దరమే చాలు పద."

ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. కోట తలుపులు తెరుచుకున్నాయి. మొదటి గోడ దగ్గర ఎవరూ లేరు. రెండో గోడ ద్వారంలో కోటకు కాపలా కాసే ఇనుప మల్లుడు నిలబడి ఉన్నాడు. చేతిలో బండసుత్తి.

ఓబులేసుకు తెలియకుండానే అతని బొమ్మ దూది ఎడమపక్క వెనగ్గా జరిగి నిలబడింది. ఎన్ని రకాలుగా మారినా ఓబులేసు నిలబడే చోటు మాత్రం ఎప్పుడూ మారలేదు. మంత్రం మొదలుపెట్టాడు. నిప్పు మంత్రానికి ఆరు సెకన్లు పడుతుంది. ఆ ఆరు సెకన్లు కదలకూడదు.

మల్లుడు అడుగు వేశాడు.

"ఉస్తాద్, డాలెత్తు."

శాలువా తొలిగింది. దూది రెండు చేతులూ పైకెత్తి ఉంది. చేతుల్లో నిప్పు వెలుగుతోంది.

"డాలు ఉస్తాద్! డాలు!"

"డాలు లేదప్పా."

"లేకపోయేదేంది?"

"మార్చినా గదా. నువ్వు రాసిచ్చినట్లే."

"మారితే నాకు చెప్పద్దా?"

"చెప్పినా గదప్పా. బేస్తవారం పొద్దున్నే వాట్సప్‌లో పెట్టినా."

ఓబులేసు వేళ్ళు ఆగిపోయాయి. మంత్రం తెగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాలా, పరిగెత్తాలా? ఏ మీట నొక్కాలో గుర్తు రాలేదు. రెండేళ్ళు పట్టిన డాలు కోసం వేలు వెళ్ళింది. అక్కడేమీ లేదు. పక్కకు తిరిగి ఉస్తాద్ మొహం చూశాడు. ఆయన తెరను చూస్తున్నాడు.

సుత్తి లేచింది. అది ఓబులేసు బొమ్మ మీదికి లేచింది. దూది పక్కన చోటు ఖాళీగా ఉంది. తప్పుకోవచ్చు.

దూది తప్పుకోలేదు. తొమ్మిదేళ్ళుగా ప్రతి ఆదివారం వేసిన అడుగే వేసింది. ఎడమవైపు ఒకటి, ముందుకు ఒకటి. వట్టి చేతులతో సుత్తి కింద నిలబడింది.

రాతినేల మీద తెల్ల శాలువా కొంచెంసేపు ఉంది. తర్వాత అదీ పోయింది.

ఆ సందులో ఓబులేసు బొమ్మ ద్వారం దాటి బయటపడింది. అతను పరిగెత్తించాడో, వేళ్ళే పరిగెత్తించాయో అతనికి తెలియదు.

హుస్సేనప్ప తెర మీద ఒక గడి వచ్చింది. 'కొత్త బొమ్మను చేసుకుంటారా?' అని అడుగుతోంది. ఆయన చెవుల మీదివి తీసి పక్కన పెట్టాడు.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా ఉస్తాద్?" ఓబులేసు లేచి నిలబడ్డాడు. "తొమ్మిదేండ్ల బొమ్మ! మారకపోతే నేను వద్దంటినా? నోటితో చెప్పింటే సరిపోదా? ఒక్క తిట్టు తిట్టింటే సరిపోదా?"

హుస్సేనప్ప చొక్కా మీద పడిన దూది దులుపుకుంటున్నాడు.

"డాలు లేదని నీకు తెలుసు గదా. తప్పుకునేదానికి చోటు ఉండె. మళ్ళ ఎందుకు ముందరికి పోతివి?"

"నువ్వు ఎనకుండావు గదప్పా."

ఓబులేసు తన తెర వైపు తిరిగాడు. ద్వారం బయట నిప్పు మంత్రగాడు ఒక్కడే ఉన్నాడు. అటు చూస్తూనే అడిగాడు.

"ఇప్పుడు నేను ఏం కావాల ఉస్తాద్?"

అప్పటికే హుస్సేనప్ప లేచి చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్ళాడు.

ఓబులేసు బండి తీశాడు. ఇంటికి వెళ్ళలేదు. కసాపురం రోడ్డులో కొత్తగా లేస్తున్న ఇంటి దగ్గర ఆగాడు. తిరుపాలు లుంగీ ఎగ్గట్టి, ముందురోజు కట్టిన గోడకు నీళ్ళు కొడుతున్నాడు.

"ఏం సామీ? ఇంగో రకం దొరికిందా?" అన్నాడు తల తిప్పకుండానే.

ఓబులేసు బండికి స్టాండు వేశాడు.

"నన్ను ఎనక నిలబడుకోమని చెప్పేదానికి వచ్చింటే తిరుక్కో. నాకు బొమ్మ లేదు."

ఓబులేసు చెప్పులు విడిచాడు. తొట్టిలో బకెట్ ముంచి గోడ ఆ పక్కకు వెళ్ళాడు. తిరుపాలుకు అతను కనపడలేదు. నీళ్ళు పడే చప్పుడు మాత్రం వినపడింది. ఇద్దరూ గోడకు చెరొక పక్కన నీళ్ళు కొట్టారు. గోడ తాగుతూనే ఉంది. పొద్దు వాలేదాకా ఇద్దరూ ఆపలేదు.

ఆ ఏడు కోట వాళ్ళకు దక్కలేదు. దూది నూటముప్ఫై ఒకటో మెట్టు మీద ఉన్న బొమ్మ. తొమ్మిదేళ్ళ నాలుగు నెలలు బతికింది. తిరిగి రాలేదు.